ముందు నోరు విప్పాల్సింది ఎవరు?

2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడి కాలిపోయింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో రికార్డయిన శబ్దాలు విన్న విచారణ సంఘం ఆ చివరి నిమిషాల్లో ఏం జరిగిందో తేల్చింది. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. విమానం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఎత్తులో రన్‌వే మీదికి వచ్చింది. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదాం అని కో-పైలట్ మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు. కో-పైలట్ ముందూ కంట్రోల్స్ ఉన్నాయి, కానీ సీనియర్ చేతిలోని పనిని అతను తన చేతిలోకి తీసుకోలేదు.

విమానయాన రంగానికి ఈ జబ్బు కొత్త కాదు. 1977లో టెనెరిఫే విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయిన రోజున కూడా, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరు సందేహపడి అడిగాడు. పేరున్న సీనియర్ కెప్టెన్ ఆ మాటను పక్కన పెట్టేశాడు. ఇలాంటి ప్రమాదాల తర్వాత, కాక్‌పిట్ సిబ్బంది కలిసి పనిచేసే తీరు మీద 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఆ విషయంలో మొదటి శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తొలి శిక్షణలో ఒక సంగతి గమనించాలి. కిందివాళ్లకు ధైర్యం చెప్పి ఊరుకోలేదు. కెప్టెన్ల తీరు మార్చడం మీద కూడా దృష్టి పెట్టారు.

మామూలు ఆఫీసుల్లో విమానాలు కూలవు. అక్కడి బాధలు చిన్నవిగా కనిపిస్తాయి. పక్క సీటాయన ఒంటి వాసన. చేబదులు తీసుకుని ఆ ఊసే ఎత్తని సహోద్యోగి. నిన్నటిదాకా ‘ఏరా’ అని పిలుచుకుని ఇవాళ మేనేజర్ అయి కూర్చున్న స్నేహితుడు. పెళ్లయి ఏడాది తిరిగిందో లేదో ‘ఏమ్మా, ఏమైనా విశేషమా?’ అని అందరి ముందూ అడిగే పెద్దమనిషి. వీటన్నిటికీ ఆఫీసుల్లో దొరికే సలహా ఒకటే: కాస్త సర్దుకుపోండి. ఆ సలహా పాటించేది మాత్రం ప్రతిసారీ జీతం తక్కువైన వాళ్లో, వయసులో చిన్నవాళ్లో, ఆడవాళ్లో, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లో అవుతారు. అందుకే ఈ మొహమాటాల గురించి మాట్లాడేటప్పుడు ఎలా చెప్పాలన్న ప్రశ్న కన్నా ముందు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వేసుకోవాలి. యాభై ఏళ్ల పరిశోధనలు, కోర్టు తీర్పులు, కంపెనీల అనుభవాలు దగ్గర పెట్టుకుని చూస్తే జవాబు ఒకవైపే మొగ్గుతుంది. అధికారం ఎవరి దగ్గర ఎక్కువుంటే, ఇబ్బందికరమైన మాట మొదలుపెట్టాల్సిన బాధ్యత వాళ్లదే.

చెడు కబురు మోయడానికి మనిషి వెనకాడతాడని 1970లోనే సిడ్నీ రోసెన్, అబ్రహం టెస్సర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. ఎదుటివాళ్లకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, కబురు చెప్పండి అంటే, మంచి కబురును జనం పూర్తిగా చెప్పారు. చెడు కబురైతే నీళ్లు నమిలారు. ఆ కబురులో వాళ్ల తప్పు లేదు, చెప్పినందుకు వాళ్లకు పోయేదీ లేదు. అయినా నోరు రాలేదు. ఇక చెప్పాల్సింది సాక్షాత్తు బాసుకు, అదీ బాసు గురించే అయితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఆసుపత్రి అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు మంచి బృందాల్లో తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. నాయకత్వం బాగున్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. కారణం తర్వాత తేలింది: అక్కడి నర్సులు పొరపాటు జరిగితే భయం లేకుండా చెప్పేవారు, మిగతాచోట్ల దాచేవారు. ‘మా టీములో ఏ సమస్యా లేదు సార్’ అనే మాట వినగానే మేనేజర్ నిశ్చింత పడకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు.

చెప్పేస్తే సంబంధం చెడిపోతుందన్న భయం ఎంతవరకు నిజం? ఎమ్మా లెవిన్, టయా కోహెన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో కొందరిని మూడు రోజుల పాటు అందరితోనూ నిజాయితీగా మాట్లాడమన్నారు. ఇంకొందరు ఆ అనుభవం ఎలా ఉంటుందో ఊహించి చెప్పారు. ఊహించినవాళ్లు చేదుగా ఉంటుందనుకున్నారు. చేసినవాళ్లకు అంత చేదు తగల్లేదు, పైగా ఎదుటివాళ్లకు దగ్గరైనట్టు అనిపించింది. అయితే దీన్ని పట్టుకుని ‘నేను ముక్కుసూటి మనిషిని’ అంటూ అందరి మీదా విరుచుకుపడటానికి లైసెన్సు దొరికిందనుకోకూడదు. క్లూగర్, డినిసి అనే పరిశోధకులు, పనితీరు గురించి చెప్పే మాటల ప్రభావం మీద వచ్చిన వందలాది ఫలితాలను 1996లో కలిపి లెక్కించి చూశారు. సగటున విమర్శ, మెచ్చుకోలు పనితీరును పెంచాయి గానీ, మూడోవంతుకు పైగా సందర్భాల్లో చెప్పిన తర్వాత పని ఇంకా దిగజారింది. మాట పని మీది నుంచి మనిషి మీదికి మళ్లినకొద్దీ ఫలితం పాడవుతుందని వాళ్ల నిర్ధారణ. ‘మంగళవారం పంపిన రిపోర్టులో రెండు లెక్కలు తప్పాయి’ అంటే మనిషి రిపోర్టు దిద్దుకుంటాడు. ‘నీకు శ్రద్ధ లేదు’ అంటే ఆ పూటంతా తనను తాను సమర్థించుకోవడానికే సరిపోతుంది.

ఐటీ కంపెనీల్లో ఏటా అప్రైజల్ రోజుల్లో ఈ తేడా పెద్దగా బయటపడుతుంది. ఏడాదంతా ‘సూపర్, బాగుంది’ అన్న మేనేజర్ చివరికి తక్కువ రేటింగ్ చేతిలో పెట్టి, ‘నా చేతుల్లో ఏం లేదు, బెల్ కర్వ్’ అంటాడు. అందరినీ ఒక వరుసలో నిలబెట్టి కొందరిని తప్పనిసరిగా కిందికి నెట్టే ఈ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులోనే వదులుకుంది. చాలాచోట్ల ఏదో ఒక రూపంలో అది బతికే ఉంది. పద్ధతి చెడ్డదే. కానీ పద్ధతి వెనక దాక్కున్న మేనేజర్ది ఇంకా పెద్ద తప్పు. జూలైలో చెప్పాల్సిన మాటను మార్చి దాకా దాచి, దిద్దుకునే అవకాశాన్ని అతనే పోగొట్టాడు.

జీతం పెంచమని అడగడం దీనికి తోబుట్టువు. 2014 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్‌లో సాంకేతిక రంగంలోని మహిళల సదస్సు జరిగింది. జీతం పెంచమని అడగడానికి జంకే మహిళలకు మీ సలహా ఏమిటని సత్య నాదెళ్లను అడిగారు. ఆయన మైక్రోసాఫ్ట్ సీఈఓ అయి ఇంకా ఏడాది కాలేదు. అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మంచిదని, అడగకుండా ఉండటం కూడా మంచి కర్మేనని ఆయన అన్నారు. వేదిక మీద ప్రశ్నలడుగుతున్న మరియా క్లావే అప్పట్లో ఆ కంపెనీ బోర్డు సభ్యురాలు. ఆమె అక్కడికక్కడే విభేదించారు. జీతం గట్టిగా అడగక తాను నష్టపోయిన సంగతి కూడా చెప్పారు. ఆ రోజే నాదెళ్ల తన ఉద్యోగులందరికీ ఉత్తరం రాసి, తన జవాబు పూర్తిగా తప్పని, జీతం పెరగాలనుకుంటే అడగడమే సరైనదని ఒప్పుకున్నారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి తెలుగు పత్రికలు ఆయన విజయాల గురించి పుటలకు పుటలు రాశాయి. ఈ ఉత్తరానికి కూడా అంత చోటు దక్కాల్సింది. ‘నా మాటలను వక్రీకరించారు’ అని ఆయన అనలేదు. ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ అన్న షరతు పెట్టలేదు. రాయ్ లెవికీ బృందం 2016లో క్షమాపణల మీద చేసిన అధ్యయనంలో అన్నిటికన్నా ఎక్కువ బరువు తూగిన అంశం కూడా అదే: తప్పు నాది అని ఒప్పుకోవడం.

ఒంటి గురించిన మాటలు అన్నిటికన్నా కష్టం. మే నెలలో ఎల్బీనగర్ నుంచి మాదాపూర్ దాకా బండి మీద వచ్చినవాళ్లకు చెమట పట్టక తప్పదు. వాసన తెలుస్తోందని ఒకరికి చెప్పలేక, ఆఫీసుల్లో జరిగే పని దారుణం: ఎవరూ లేనప్పుడు ఆ మనిషి టేబుల్ మీద సెంటు సీసా పెట్టి వెళ్లిపోవడం, గ్రూపులో అందరికీ అన్నట్టుగా పరిశుభ్రత గురించి మెసేజ్ పెట్టడం. ఆ మనిషికి విషయం తెలిసేసరికి అంతకుముందే అందరూ చెప్పుకున్నారని కూడా తెలుస్తుంది. దీన్ని పక్క సీటువాళ్ల నెత్తిన పెట్టకూడదు, పై అధికారే తీసుకోవాలి. పని ముగిసే వేళ, ఒంటరిగా, రెండు నిమిషాల్లో: ‘ఇది చెప్పడం నాకూ ఇబ్బందిగానే ఉంది. ఈమధ్య దగ్గరికొస్తే చెమట వాసన తెలుస్తోంది. మీ దాకా వచ్చి ఉండదని చెప్తున్నాను. ఆరోగ్య కారణం ఏదైనా ఉంటే నాకు వివరించక్కర్లేదు, ఏసీ దగ్గర సీటు కావాలన్నా, ఇంకేదైనా సర్దుబాటు కావాలన్నా అడగండి.’ ఆ చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. అతిగా చెమట పట్టడం ఒక వైద్య సమస్య. చేపల వాసన లాంటిది ఒంటి నుంచి వచ్చే అరుదైన జన్యు లోపం కూడా ఉంది. స్నానం చేయమని సలహా ఇచ్చేవాళ్లకు అది తెలిసి ఉండదు.

స్నేహితుడే బాసు కావడం, తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్ల మీద అధికారిగా రావడం ప్రభుత్వ ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉన్న వ్యవహారం. గ్రూప్-2 రాసి ఇరవై ఆరేళ్లకే డిప్యూటీ తహసీల్దారుగా వచ్చిన అమ్మాయి కింద, రెండేళ్లలో రిటైరయ్యే సీనియర్ అసిస్టెంట్ ఉంటాడు. ఆయన ‘ఏమ్మా’ అంటే ఆమె గౌరవం తగ్గినట్టు, ‘మేడమ్’ అంటే ఆయన వయసు చిన్నబోయినట్టు ఇద్దరూ లోలోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు. మొదటివారంలోనే ఆమె ఆయన్ని పేరు చివర గారు చేర్చి పిలిచి, ఫైలు చరిత్ర ఆయనకే ఎక్కువ తెలుసని నలుగురిలో అని, సంతకం విషయంలో మాత్రం నిర్ణయం తనదని స్పష్టం చేస్తే సగం చిక్కు విడిపోతుంది. మర్యాద ఇవ్వడం వేరు, అధికారం వదులుకోవడం వేరు. ప్రైవేటు కంపెనీల్లో ప్రమోషన్ వచ్చినవాళ్లకు దీనికి తోడు పాత వాట్సాప్ గ్రూపు ఉంటుంది. బాసును తిట్టుకోవడానికే పుట్టిన గ్రూపులో కొత్త బాసు ఉండకూడదు. ఎవరో తీసేసేదాకా ఆగకుండా, ‘ఇక నేనుంటే మీరు మాట్లాడుకోలేరు’ అని చెప్పి తనే బయటికి రావాలి.

డబ్బు దగ్గర తెలుగు ఆఫీసులకు ప్రత్యేకమైన చరిత్రే ఉంది. చీటీలు, పుట్టినరోజు చందాలు, చేబదుళ్లు, వీటన్నిటికీ పెద్ద, షూరిటీ సంతకం. చిట్‌ఫండ్‌లో చీటీ పాడుకున్నవాళ్లు డబ్బు తీసుకోవాలంటే జామీను కావాలి, ప్రభుత్వ ఉద్యోగి జీతం సర్టిఫికెట్‌కు అక్కడ విలువ ఎక్కువ. ‘ఒక్క సంతకం అన్నా, పేరుకే’ అని కాగితం ముందు పెడతారు. పేరుకే కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోనంత వరకు, జామీను ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అసలువాడు కట్టకపోతే కంపెనీ నేరుగా సంతకం పెట్టినవాడి మీదికి రావచ్చు, కోర్టు ద్వారా జీతంలోంచి కోత పడవచ్చు. అలా సహోద్యోగి బాకీ ఏళ్లతరబడి తీర్చిన ఉద్యోగులు ఏ జిల్లా కేంద్రంలోనైనా కనిపిస్తారు. కాదనడానికి దారి ఉంది. ‘నిన్ను నమ్మకపోవడం కాదు, ఎవరికీ షూరిటీ పెట్టకూడదని ఇంట్లో అనుకున్నాం’ అనొచ్చు. అది ఒకరికి మాత్రం వర్తించే సాకుగా కాక, అందరికీ వర్తించే నియమంగా ఉండాలి.

ఇక్కడ కూడా పైవాడు అడిగితే కథ మారిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తన నియమావళి తమ అధికార పరిధిలోని వాళ్లతో అప్పులు ఇచ్చిపుచ్చుకోవడాన్ని నిషేధించింది, ముందస్తు అనుమతి లేకుండా చందాలు పోగుచేయడాన్నీ నిషేధించింది. ఆ నిబంధనలు రాసినవాళ్లకు ఆఫీసు స్వభావం బాగా తెలుసు. సూపరింటెండెంటు చేబదులు అడిగితే అటెండరు కాదనలేడు. మేనేజర్ ఐదొందలు వేశాడని తెలిశాక హౌస్‌కీపింగ్ అమ్మాయి యాభై వేయడానికి సిగ్గుపడుతుంది. చందా కవరు మీద పేర్లు, మొత్తాలు రాసే అలవాటు మాన్పిస్తే చాలు, ఆ సిగ్గు ఉండదు. ఇది ఒక మేనేజర్ సాయంత్రంలోగా చేయగలిగిన పని.

సంతోషం, దుఃఖం రెండూ ఆఫీసుకు వస్తాయి. ‘విశేషమా’ అని అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. అడిగించుకున్న అమ్మాయికి ఆ నెలలోనే గర్భస్రావం అయి ఉండొచ్చు, పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు, అసలు పిల్లలు వద్దనుకుని ఉండొచ్చు. ఆమె తనంతట తాను చెప్పేదాకా అడగకపోవడమే మర్యాద. గర్భం సంగతి చెప్పిన తర్వాత ప్రసూతి సెలవు ఏర్పాట్లు మాట్లాడటం మేనేజర్ విధి. 2017 సవరణతో ఆ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. ఆ వారాలను ఆమె టీముకు చేసిన నష్టంగా లెక్కగట్టే మాట ఒక్కటి మేనేజర్ నోట వస్తే చాలు, తర్వాతి అమ్మాయి తన గర్భాన్ని వీలైనన్ని నెలలు దాచుకుంటుంది.

దుఃఖం విషయంలో జనం ఎక్కువ మాట్లాడి కాదు, ఏమీ మాట్లాడక నొప్పిస్తారు. 2015లో భర్త హఠాత్తుగా చనిపోయాక ఫేస్‌బుక్ ఉన్నతాధికారి షెరిల్ శాండ్‌బర్గ్ ఆఫీసుకు తిరిగొచ్చినప్పుడు, తోటివాళ్లు ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకు తిరిగారని, ఆ మౌనమే తనను ఒంటరిని చేసిందని తర్వాత రాశారు. మన దగ్గర చావింటికి అందరూ వెళతారు, దండ వేస్తారు, భోజనాల రోజున కనిపిస్తారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తెలంగాణ ఆఫీసుల్లో బతుకమ్మ పేరుస్తారు, శ్రావణ శుక్రవారం పేరంటం పెట్టే ఆఫీసులూ ఉన్నాయి. పసుపు, కుంకుమ పళ్లెం వరుసగా అందరి దగ్గరికీ వచ్చి, భర్త పోయిన ఒక్క సహోద్యోగిని దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతుంది. పళ్లెం పట్టుకున్న చేతికి ఏం చేయాలో తోచదు, కూర్చున్న మనిషికి ఎటు చూడాలో తోచదు. ఇంట్లో ఎవరి ఆచారం వాళ్లది. ఆఫీసు సొమ్ముతో, ఆఫీసు ఆవరణలో చేసే పండుగలో ఒక ఉద్యోగిని అందరి ముందూ పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఏర్పాట్లు చూసే అధికారి ముందురోజే ‘పళ్లెం అందరికీ వెళ్తుంది, తీసుకోవడం తీసుకోకపోవడం వాళ్ల ఇష్టం’ అని చెప్పాలి. అది చెప్పేటప్పుడు ఆయనకో ఆమెకో కలిగే మొహమాటం, ఆ సీటులో కూర్చున్న మనిషి పడే అవమానంలో పదోవంతు కూడా కాదు.

ఇంటిపేరు ఆరా కూడా ఈ కోవలోదే. ‘మీ సొంతూరెక్కడ, ఇంటిపేరేంటి’ అని మొదలై ‘అయితే మనోళ్లేనా’ అన్న దగ్గర ఆగుతుంది. మనోళ్లు కాదని తేలిన మనిషికి ఆ ఒక్క క్షణంలో ఏమవుతుందో అడిగినవాడికి తెలియదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి సిస్కో కంపెనీ మీద కుల వివక్ష దావా వేసింది. దళితుడైన ఇంజనీరు రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్నాడని భారతీయ సూపర్‌వైజరు తోటివాళ్లకు చెప్పాడనేది అందులో ఒక ఆరోపణ. కంపెనీ ఆరోపణలను తోసిపుచ్చింది. ఇద్దరు సూపర్‌వైజర్ల మీద కేసును 2023లో ఆ శాఖే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద దావా మాత్రం నిలిచింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులాన్ని వివక్ష నిరోధక చట్టంలో చేర్చింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును అక్టోబరులో గవర్నరు తిప్పి పంపారు. వేల సంఖ్యలో తెలుగు ఇంజనీర్లు పనిచేసే ఆ ఊళ్లలో ఇంటిపేరు అడగడం ఇక ఊసుపోక కబుర్లలో చేరదు. హైదరాబాదులో మాత్రం దాన్ని ఇప్పటికీ పరిచయం పెంచుకోవడంగానే చూస్తున్నారు. ఇది మారాలి.

యాసను వెక్కిరించడం, టిఫిన్ బాక్సులోకి తొంగిచూసి ముక్కు మూసుకోవడం కూడా దీనికి దగ్గరి బంధువులే. 2014లో ‘ది హిందూ’ పత్రిక తన చెన్నై క్యాంటీన్‌లోకి మాంసాహారం తేవద్దని ఉద్యోగులకు నోటీసు ఇచ్చినప్పుడు పెద్ద చర్చ నడిచింది. ఎక్కువమందికి ఇబ్బంది అన్నది కారణంగా చూపారు. ఎండుచేపల కూర మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ఆ వాసన అంతస్తంతా పాకుతుందన్నది నిజం. దానికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను, వేరే మైక్రోవేవ్ లాంటి పరిష్కారాలుంటాయి. ఒకరి తిండినే తప్పు పట్టే నోటీసు వాసన దగ్గర ఆగదు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో చాలావరకు మాటతో తీరేవి. మాటతో తీర్చకూడనివి కొన్ని ఉన్నాయి, ఆ గీత ఎక్కడుందో తెలియకపోవడం వల్ల జరిగే నష్టం అన్నిటికన్నా పెద్దది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపడానికి ప్రయత్నించిన ప్రభుత్వ కార్యకర్త భన్వరీ దేవిపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో మహిళా సంఘాలు వేసిన పిటిషన్ మీద 1997లో సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ల తర్వాత, 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని కావాలి, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

ఈ గడువు గురించి మేనేజర్లు ఆలోచించాలి. ఒక అమ్మాయి వచ్చి, ఫలానా సార్ రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడని, లిఫ్టులో చేయి వేశాడని చెబుతుంది. మేనేజర్ మంచివాడే. ‘ఆయన అలాంటి మనిషి కాదమ్మా, నేను మాట్లాడతాను’ అంటాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి పెద్దమనిషి పంచాయితీ చేస్తాడు. నెల గడుస్తుంది, టీము మారుస్తాడు, మారేది ఆమే. రెండో నెల, మూడో నెల. గడువు దాటిపోతుంది. అతను సర్దుబాటు అనుకున్నది ఆమె హక్కును తినేసింది. రాజీ ప్రయత్నానికి చట్టంలో చోటుంది. కానీ అది ఫిర్యాదు చేసిన మహిళ కోరితేనే జరగాలి, కమిటీయే జరపాలి, దానికి డబ్బు ఆధారం కాకూడదు. మేనేజర్ చేయాల్సింది చిన్నది: వినడం, నమ్మకంగా రహస్యం కాపాడటం, కమిటీ వివరాలూ గడువూ ఆమెకు అదే రోజు చెప్పడం, ఫిర్యాదు రాయడానికి సాయం కావాలంటే చేయడం. నిజానిజాలు తేల్చడం అతని పని కాదు.

ఉద్యోగం తీసేయడం గురించి క్లుప్తంగా. 2021 డిసెంబరులో బెటర్ డాట్ కామ్ సీఈఓ విశాల్ గార్గ్ దాదాపు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లో, కొద్ది నిమిషాల్లో తీసేశారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2017 జూలైలో, టెక్ మహీంద్రాలో ఒక ఉద్యోగితో మరుసటి రోజు పొద్దున పదింటికల్లా రాజీనామా ఇవ్వాలని హెచ్ఆర్ మాట్లాడిన ఆడియో బయటికొచ్చింది. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. ఈ రెండింటి మధ్యా ఒక పోలిక ఉంది. నిర్ణయం తీసుకున్నది ఒకచోట, చెప్పే బాధ్యత ఇంకొకరి నెత్తిన, లేదంటే తెర మీద. మన దగ్గర తీసివేతను స్వచ్ఛంద రాజీనామాగా రాయించుకుని, రిలీవింగ్ లెటర్‌ను పట్టు కోసం వాడుకోవడం హెచ్ఆర్ వాళ్లందరికీ తెలిసిన పద్ధతి. ఆ మనిషి తర్వాతి ఉద్యోగం ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది. తీసేయడం తప్పనిసరే కావచ్చు. దానికి కారణం, తేదీ, రావాల్సిన డబ్బు, కాగితాలు నేరుగా ఎదురుగా కూర్చుని చెప్పడం, ఆ మనిషి కోపాన్ని ఓపిగ్గా వినడం నిర్ణయం తీసుకున్న అధికారి బాధ్యత.

ఇంతదాకా చెప్పిన చాలా సంగతులకు హెచ్ఆర్ విభాగమో, ప్రవర్తన నియమావళో ఉన్న ఆఫీసులు కావాలి. తెలుగు రాష్ట్రాల్లో బట్టల షాపులు, మెడికల్ షాపులు, నర్సింగ్‌హోములు, చిన్న ప్రైవేటు బడులు, బ్యూటీ పార్లర్లలో పనిచేసే లక్షలమందికి యజమానే హెచ్ఆర్, చాలాసార్లు సమస్య కూడా ఆయనే. అక్కడ వ్యక్తిగత ధైర్యం మీద ఆశలు పెట్టుకోవడం అన్యాయం. కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు షాపుల్లో పనిచేసే మహిళలు రోజంతా నిలబడాలి, మూత్రానికి వెళ్లడానికి చోటు లేదు. అడగడానికి సిగ్గు, అందుకే నీళ్లు తాగడం మానుకునేవారు. విజి అనే దర్జీ మహిళ వాళ్లను కూడగట్టి పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టింది. పోరాటం మరుగుదొడ్లతో మొదలై కుర్చీ దాకా వచ్చింది. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది, 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఒక్కొక్కరూ యజమాని ముందు నిలబడి అడగలేని విషయాన్ని వాళ్లు అందరికీ వర్తించే నియమంగా మార్చేశారు. ఆ తర్వాత ఏ అమ్మాయీ కుర్చీ కోసం బతిమాలుకోవాల్సిన పని లేకుండా చట్టం ఆమె వైపు నిలబడింది.

పదిమందికన్నా తక్కువ పనిచేసే చోట్ల లైంగిక వేధింపుల ఫిర్యాదుకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలని 2013 చట్టమే చెప్పింది. యజమాని మీదే ఫిర్యాదు అయినా అక్కడికే వెళ్లాలి. అమలు ఎంత దయనీయంగా ఉందో 2023 మేలో సుప్రీంకోర్టు గోవా కేసు తీర్పులో రాసింది. 2024 డిసెంబరులో మళ్లీ, ప్రతి జిల్లాలో అధికారిని నియమించి స్థానిక కమిటీలు ఏర్పాటు చేయాలని రాష్ట్రాలకు గడువులు పెట్టింది. పెద్ద ఆఫీసుల్లో కమిటీ పేర్లు అందరికీ కనిపించేలా గోడ మీద ఉంచాలన్నది చట్టం. సభ్యుల పదవీకాలం మూడేళ్లకు మించకూడదు. ఈ వ్యాసం చదివే మేనేజర్లు రేపు పొద్దున ఆ కాగితం దగ్గర ఆగి, దాని మీద తేదీ ఎప్పటిదో, అందులో పేరున్నవాళ్లు ఇంకా అదే ఆఫీసులో ఉన్నారో లేదో చూడాలి. ఎనిమిది మంది పనిచేసే షాపు యజమాని తమ జిల్లా కమిటీ చిరునామా, ఫోన్ నంబరు కలెక్టరేట్‌లో అడిగి తెలుసుకుని, బిల్లింగ్ కౌంటర్ పక్కన కాకుండా, పనివాళ్లు బట్టలు మార్చుకునే గదిలో అంటించాలి.